కంప్యూటరు వచ్చినా లెక్క మనదే

సభ్యుల పాఠం: కృత్రిమ మేధ, సైబర్ భద్రత విషయంలో పాల సంఘాలు తెలుసుకోవలసినవి

పాల సంఘం అనగానే మనకు క్యాన్లు, లాక్టోమీటరు, దాణా బస్తాలు గుర్తుకు వస్తాయి. కాని నేడు సభ్యుని పాలు క్యానులో పడినది మొదలు, ఆ డబ్బు అతని బ్యాంకు ఖాతాకు చేరేవరకు, నడుమ జరిగే పని చాలావరకు యంత్రాల లోపల జరుగుతున్నది. తూకం ఎలక్ట్రానిక్ కాటా చెబుతుంది. వెన్న శాతం మిషను చెబుతుంది. బిల్లు కంప్యూటరు కడుతుంది. డబ్బు ఫోను మీదుగా పోతుంది. ఈ సౌకర్యం మనకు మేలు చేసింది. అయితే, మోసగాడు మన ఊరికి రాకుండానే మన డబ్బు తీసుకుపోగల దారి కూడా దీనితోనే ఏర్పడింది. సీలేరు, ధారకొండ, దుప్పులవాడ వంటి కొండ గ్రామాల సభ్యులను దృష్టిలో ఉంచుకొని ఈ పాఠం తయారుచేశాము. మైదానపు సంఘాలకు కూడా ఇది వర్తిస్తుంది.

ఈ విషయం కొండ ప్రాంతానికి మరీ ముఖ్యమని మేము భావించడానికి కారణం ఉన్నది. పాలు పితికి అమ్మడం ఇక్కడ అందరికీ తాతలనాటి అలవాటు కాదు. ఆవు పాలు దూడవే అని వదిలే ఇళ్లు ఈ కొండల్లో ఎన్నో ఉన్నాయి. సంఘం మీద నమ్మకం కుదిరిన తరువాతనే సభ్యుడు చెంబు పట్టుకొని వస్తాడు. మైదానంలో ఒక కేంద్రంలో మోసం జరిగితే సభ్యుడు పక్క కేంద్రానికి పాలు పోస్తాడు. కొండ గ్రామంలో రెండో కేంద్రం దొరకడం అరుదు. ఒక పక్షం బిల్లు గల్లంతయితే ఆ ఇంటివారు దాణా కొనలేరు, సంతకు పోలేరు, ఆవును మళ్లీ దూడకే వదిలేస్తారు. పోయిన డబ్బు ఏదో ఒకనాటికి తిరిగి రావచ్చును. పోయిన నమ్మకం రాదు.

రెండు మాటలకు అర్థం

ముందుగా ఈ రెండు మాటలను తేటగా తెలుసుకుందాం. కృత్రిమ మేధ అంటే, వేలకొద్దీ ఉదాహరణలను చూపి కంప్యూటరుకు పోలికలు పట్టడం నేర్పించే పద్ధతి. అనుభవం గల టెస్టరు క్యాను మూత తీయగానే వాసన బట్టి పాలు పులిశాయని చెబుతాడు. అతడు వేల క్యాన్లు చూచాడు గనుక ఆ పోలిక పట్టగలడు. యంత్రం చేసేదీ ఇటువంటి అంచనాయే. పశువు నడక, నెమరు బట్టి ఎదకు వచ్చినదా లేదా చెప్పే పరికరాలు, ఫోటో చూచి జాతి చెప్పే పద్ధతులు, రైతు నోటితో అడిగితే నోటితోనే జవాబు చెప్పే ఏర్పాట్లు ఈ కోవలోవే. కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరులో ప్రారంభించిన కిసాన్ ఇ-మిత్ర ఇటువంటి జవాబుల ఏర్పాటే.

అంచనా అంచనాయే అని మాత్రం మరువరాదు. మైదానపు ముర్రా గేదెల ఉదాహరణలతో నేర్పిన యంత్రం, కొండవాలున మేసే మన చిన్న ఆవు విషయంలో పొరపడవచ్చు. యంత్రం చెప్పిన మాటను పశువైద్యుని మాటతో సరిచూచుకోవాలి.

సైబర్ భద్రత అంటే కంప్యూటర్లకు, ఫోన్లకు, వాటిలోని లెక్కలకు, వాటి గుండా పోయే డబ్బుకు పెట్టే కాపలా. దాణా గదికి తాళం వేసినట్లే ఇదీను. తేడా ఏమంటే దాణా పోతే బస్తా కనపడదు, తెలిసిపోతుంది. లెక్క మారితే అంకెలు అంకెలలాగే ఉంటాయి, చూచినవారికి ఏమీ తెలియదు.

పాత మోసం, కొత్త వేషం

తూకం మోసం మన్యానికి కొత్త కాదు. చింతపండు, పసుపు, పిప్పళ్లు సంతకు తెచ్చిన గిరిజనుని తప్పుడు రాళ్లతో తూచి, అప్పు కింద జమకట్టుకొన్న రోజులు పెద్దలకు తెలుసు. ఆ దోపిడీకి విరుగుడుగానే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. సహకారం అంటేనే తూకం పదిమంది ఎదుట జరగాలని, లెక్క అందరికీ తెలియాలని అర్థం. నేటి ప్రమాదం కూడా ఆ పాత తప్పుడు రాయి వంటిదే, యంత్రంలో దాగి ఉన్నది గనుక కంటికి కనపడదు.

ఒక లెక్క చూద్దాం. సులువు కోసం కిలో వెన్నకు 700 రూపాయల ధర అనుకుందాం. ఒక సభ్యుడు 15 రోజులలో 60 కిలోల గేదె పాలు పోశాడు. వెన్న 6.5 శాతం అయితే 3.9 కిలోల వెన్న, బిల్లు 2,730 రూపాయలు. మిషను అమరికను ఎవరైనా కదిపి, అది 6.3 శాతం చూపితే 3.78 కిలోలు, బిల్లు 2,646 రూపాయలు. తేడా 84 రూపాయలు. ఒక్క సభ్యుడు దీనిని గమనించడు. 80 మంది సభ్యుల సంఘంలో ఇది పక్షానికి 6,720 రూపాయలు. ఏడాదికి 24 బిల్లుల మీద 1,61,280 రూపాయలు. ఈ పని చేసేది ఇంటిదొంగ కావచ్చు, దూరాన కూర్చున్నవాడు కావచ్చు. మనకు జరిగే నష్టం ఒక్కటే.

సహకార బ్యాంకులు నేర్పిన పాఠం

ఇవన్నీ పెద్ద కంపెనీల తలనొప్పులని కొందరు సభ్యులు అంటూ ఉంటారు. హైదరాబాదులోని ఏ.పి. మహేష్ సహకార అర్బన్ బ్యాంకు విషయం వారు తెలుసుకోవాలి. 2022 జనవరిలో నేరగాళ్లు ఆ బ్యాంకు కంప్యూటర్లలోకి చొరబడి 12 కోట్ల రూపాయలకు పైగా సొమ్మును కొన్ని ఖాతాలకు మళ్లించారు. అక్కడినుంచి వందకు పైగా ఖాతాలకు పంచి, దేశంలో పలుచోట్ల తీసుకున్నారు. పోలీసు దర్యాప్తులో తేలినదేమంటే, 2021 నవంబరులోనే బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా మోసపు ఇ-మెయిళ్లు వచ్చాయి. ఒకరిద్దరు వాటిని తెరిచారు. ఆ తెరిచిన దారిన దొంగ ప్రోగ్రాము లోపల చేరి, దాదాపు రెండు నెలలు చడీచప్పుడు లేకుండా ఉన్నది. భద్రతా నియమాలు పాటించనందుకు రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా విధించింది.

తలుపు బద్దలు కొట్టకుండానే వారు లోపలికి వచ్చారు. లోపలివారు ఒక ఉత్తరం తెరవడమే వారికి దారి అయినది. మన కార్యదర్శి ఫోనులోకి వచ్చే సందేశం కూడా అటువంటి ఉత్తరమే.

రెండో సంగతి 2024 జులై 31 నాటిది. చిన్న బ్యాంకులకు కంప్యూటరు సేవలందించే సి-ఎడ్జ్ అనే కంపెనీ మీద సైబర్ దాడి జరిగింది. లెక్కలకు తాళం వేసి డబ్బు అడిగే రకపు దాడి అది. ముందుజాగ్రత్తగా జాతీయ చెల్లింపుల సంస్థ ఆ కంపెనీని తన వ్యవస్థ నుంచి విడదీసింది. దానితో దాదాపు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల ఖాతాదారులకు చెల్లింపులు తాత్కాలికంగా నిలిచిపోయాయి. ఆ బ్యాంకులేవీ తప్పు చేయలేదు.

ఇది సీలేరువారికి వివరించనక్కరలేదు. ఎగువ సీలేరు పవర్‌హౌస్ వదిలిన నీరు డొంకరాయికి చేరాలి, అక్కడినుంచి మోతుగూడెం దిగువన యంత్రాలు తిప్పాలి. పైన గేటు మూస్తే కింద యంత్రం ఆగుతుంది. చెల్లింపుల వ్యవస్థ కూడా అటువంటి గొలుసే. ఎక్కడో పట్నంలో గేటు పడితే మన పక్షపు బిల్లు ఇక్కడ ఆగుతుంది. కనుక సంఘం తన లెక్కను కంప్యూటరులో మాత్రమే ఉంచుకోరాదు. అది ఆగిన రోజు కూడా ఎవరికి ఎంత ఇవ్వాలో పుస్తకం చూచి చెప్పగలగాలి.

పాడి పరిశ్రమ కూడా ఈ దెబ్బకు వెలుపల లేదు. 2021 అక్టోబరులో అమెరికాలో ష్రైబర్ ఫుడ్స్ అనే పెద్ద పాల పదార్థాల కంపెనీ మీద దాడి జరిగి కర్మాగారాలు కొన్ని రోజులు ఆగిపోయాయి. అక్కడికి చేరవలసిన పాలకు వేరేచోట్లు వెతుక్కోవలసి వచ్చింది. పాలు నిలవ ఉండే సరుకు కాదు, కంప్యూటరు బాగయ్యేవరకు ఆవు పొదుగు ఆగదు. 2023లో స్విట్జర్లాండులో ఒక రైతు పాలు పితికే యంత్రపు కంప్యూటరుకు నేరగాళ్లు తాళం వేసి డబ్బు అడిగారు. పశువుల వివరాలు అందక, చూలు ఆవు పరిస్థితి సమయానికి తెలియక, అతడు దూడను, తరువాత ఆవును కూడా పోగొట్టుకొన్నాడు.

గొంతును, ముఖాన్ని నమ్మరాదు

కృత్రిమ మేధ వచ్చినందువల్ల మోసంలో కలిగిన పెద్ద మార్పు ఇదే. ఇదివరకు మోసపు సందేశం వంకర తెలుగులో ఉండేది, చదవగానే అనుమానం కలిగేది. ఇప్పుడు యంత్రం తప్పు లేని తెలుగులో, ఆఫీసు ఉత్తరంలాగే రాసిపెడుతుంది. మనిషి గొంతును కొద్దిసేపు వింటే చాలు, ఆ గొంతుతోనే మాట్లాడిస్తుంది. ముఖాన్ని కూడా వీడియోలో చూపిస్తుంది.

2023 జులైలో కేరళలోని కోజికోడులో ఒక విశ్రాంత ఉద్యోగికి వాట్సాప్‌లో పాత సహోద్యోగి వీడియో కాల్ చేశాడు. ముఖం అతనిదే, గొంతు అతనిదే. ఆసుపత్రి ఖర్చుకని అడిగితే ఈయన 40,000 రూపాయలు పంపాడు. వెంటనే మళ్లీ 35,000 అడిగేసరికి అనుమానం వచ్చి, స్నేహితుని పాత నంబరుకు తానే ఫోను చేశాడు. ఆ స్నేహితుడు తాను కాల్ చేయనే లేదన్నాడు. అంతా కృత్రిమ మేధతో కల్పించిన బొమ్మ. ఈ సంగతిలో మనకు పనికివచ్చేది ఆ చివరి పనే. వచ్చిన కాల్‌ను నమ్మక, తనకు తెలిసిన నంబరుకు తానే చేయడం. మొదటి 40,000కు ముందే ఆ పని చేసి ఉంటే నష్టమే ఉండేది కాదు.

రేపు మన కార్యదర్శికి జిల్లా మేనేజరు గొంతుతో ఫోను రావచ్చు. “ఈ పక్షం డబ్బు పాత ఖాతాకు పోదు, ఈ కొత్త ఖాతా నంబరు రాసుకో, త్వరగా పంపాలి” అనవచ్చు. లేక “పిఎం కిసాన్” అనో, “పశువుల బీమా” అనో పేరు పెట్టిన ఏపీకే ఫైలు వాట్సాప్‌లో రావచ్చు. దానిని నొక్కితే ఫోను పరుల చేతిలోకి పోతుంది, ఓటీపీలు వారికే కనిపిస్తాయి. పిఎం కిసాన్ పేరున ఇటువంటి ఫైళ్లు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఎందరినో ముంచాయి. తొందర పెట్టడం, భయపెట్టడం, ఎవరికీ చెప్పవద్దనడం అనే ఈ మూడూ మోసపు గుర్తులే. ఏ సహకార కార్యాలయమూ మీ ఓటీపీ అడగదు.

వేలిముద్ర సంగతి

కొండ గ్రామాలలో చాలామంది సభ్యులు బ్యాంకుకు పోరు. ఊరికి వచ్చే బ్యాంకు మిత్ర దగ్గర ఆధార్ నంబరు చెప్పి, వేలిముద్ర వేసి డబ్బు తీసుకుంటారు. ఇది మంచి సౌకర్యం. కాని రిజిస్ట్రేషను పత్రాల మీది వేలిముద్రలను నకలు తీసి వాడిన నేరాలు తెలుగు రాష్ట్రాలలో బయటపడ్డాయి. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, వేలు పోతే మార్చుకోలేము.

కాబట్టి సభ్యులు మూడు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, ఒక్కసారి డబ్బు తీసుకోవడానికి మళ్లీ మళ్లీ వేలు పెట్టమంటే కారణం అడగాలి. “పడలేదు” అన్నప్పటికీ రసీదు అడిగి తీసుకోవాలి. రెండు, అవసరం లేనప్పుడు ఆధార్ వేలిముద్రకు తాళం వేసి ఉంచే వీలున్నది. ఆధార్ సంస్థ వారి యాప్‌లో గాని వెబ్‌సైటులో గాని చేయవచ్చు. వివరాలకు 1947కు ఫోను చేయవచ్చు. మూడు, ఆధార్ నకలు ఎవరు అడిగినా ఇవ్వరాదు. ఇచ్చినప్పుడు దాని మీద ఏ పనికి ఇచ్చారో, తేదీ ఏమిటో రాసి ఇవ్వాలి.

ఇందులో సంఘానికి కూడా బాధ్యత ఉన్నది. మా తనిఖీలలో సభ్యుల ఆధార్ నకళ్లు, పాస్‌బుక్కు నకళ్లు బల్ల మీద తెరిచిన కట్టగా కనిపించడం మామూలైపోయింది. సభ్యుల వివరాలను భద్రంగా ఉంచే బాధ్యతను 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సంస్థల మీద పెట్టింది. ఆ కట్టకు నగదు పెట్టెకు ఉన్నంత విలువ ఉన్నదని గ్రహించి బీరువాలో పెట్టాలి.

సంఘం అమలు చేయవలసిన నియమాలు

కింది వాటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. చాలావరకు మన పాత సహకార పద్ధతులే.

1. ఖాతా నంబరు మార్చమని ఎవరు చెప్పినా, ఫోను మీద మార్చరాదు. పుస్తకంలో ముందే రాసి ఉన్న నంబరుకు మనమే ఫోను చేసి అడగాలి. ఆ తరువాత పాలకవర్గ తీర్మానంతోనే మార్చాలి.

2. డబ్బు పంపే పని ఇద్దరి చేతిలో ఉండాలి. ఒకరు సిద్ధం చేస్తే మరొకరు సరిచూచి పంపాలి. చెక్కు మీద రెండు సంతకాలు ఎందుకు పెట్టించామో ఇదీ అందుకే.

3. సంఘం పనికి వాడే ఫోనులో ఆటలు, తెలియని యాప్‌లు ఉండరాదు. పిల్లలకు ఇవ్వరాదు.

4. పాస్‌వర్డు గోడ మీద, మిషను మీద రాయరాదు. కార్యదర్శి గాని టెస్టరు గాని మారినప్పుడు అదేరోజు పాస్‌వర్డు మార్చాలి.

5. పాల మిషనును, రేటు చార్టును మార్చినప్పుడల్లా తేదీ, కారణం, చేసినవారి పేరు రిజిస్టరులో రాసి, కొత్త రేటు చార్టును గోడకు అంటించాలి.

6. నెలకొకసారి సభ్యుల ఎదుట ఒకే శాంపిలును మిషను మీద, గెర్బరు పద్ధతిలో రెండు విధాలా పరీక్షించి చూపాలి. గెర్బరు సామాను లేని సంఘం శాంపిలును శీతలీకరణ కేంద్రానికి పంపాలి.

7. ప్రతి సభ్యునికి పూటపూటకు స్లిప్పు ఇవ్వాలి. కాగితం అయిపోతే పాస్‌బుక్కులో చేత్తో రాయాలి.

8. రోజు లెక్కను కాగితం మీద అచ్చు తీసి ఉంచాలి. వారానికొకసారి కంప్యూటరు లెక్కను వేరే పరికరంలోకి నకలు తీసి, దానిని కంప్యూటరు నుంచి తీసివేసి బీరువాలో పెట్టాలి. కంప్యూటరుకు తగిలించే ఉంచిన నకలుకు కూడా దొంగ తాళం వేయగలడు.

9. మిషను బాగుచేసే మెకానిక్కు దూరం నుంచి కంప్యూటరులోకి రావాలంటే, మనం అడిగినప్పుడే, మన ఎదుటే రావాలి. పని అయిన వెంటనే ఆ దారి మూయాలి.

జరిగిపోతే ఏమి చేయాలి?

మోసం జరిగిందని తెలిసిన మొదటి గంట విలువైనది. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు పారుతూ పోతుంది, పారేలోపల ఆపాలి. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు. బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించాలి. మూడో మనిషి వల్ల జరిగిన మోసాన్ని మూడు పనిదినాలలో తెలిపిన ఖాతాదారుకు రక్షణ ఉండాలని రిజర్వు బ్యాంకు 2017లో ఉత్తరువిచ్చింది. ఆలస్యమైనకొద్దీ, ఓటీపీ మనమే చెప్పినట్లయితే, ఆ రక్షణ తగ్గుతుంది. వేరొకరి గుర్తింపును దొంగిలించడం, వేరొకరిలా నటించి కంప్యూటరు ద్వారా మోసగించడం ఐటీ చట్టం 66-సి, 66-డి సెక్షన్ల కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరాలు.

ఫోను సిగ్నలు లేని గూడెంలో ఈ మొదటి గంట ఎలా దక్కుతుంది? ఇది మేము సభ్యులను గట్టిగా ఆలోచించమని కోరే విషయం. సిగ్నలు అందే చోటు ఊరిలో ఎక్కడున్నదో, అక్కడికి పరుగెత్తేది ఎవరో ముందే నిర్ణయించుకోవాలి. 1930, బ్యాంకు, పోలీసు స్టేషను, మన సూపర్‌వైజరు నంబర్లను పాల కేంద్రం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. ఖాతా నంబరు, మోసం జరిగిన సమయం, పోయిన మొత్తం ఒక కాగితం మీద రాసుకొని పోతే మాట తడబడదు. సందేశాలు, కాల్ వివరాలు చెరిపివేయరాదు, అవే సాక్ష్యం. మోసపోయిన సభ్యుని నలుగురిలో ఎగతాళి చేయరాదు. ఎగతాళికి జంకినవాడు నాలుగు రోజులు దాచుకుంటాడు, దొంగకు కావలసినది ఆ నాలుగు రోజులే.

యంత్రం వద్దని మేము చెప్పడం లేదు. చేతి తూకంలో, కంటి అంచనాలో జరిగిన అన్యాయాలను యంత్రం చాలావరకు తగ్గించింది. చదువురాని సభ్యురాలు కూడా తన నోటితో అడిగి జవాబు తెలుసుకొనే రోజు వచ్చింది. అయితే యంత్రం చెప్పినది గనుక నమ్మడం వేరు, లెక్క సరిపోయింది గనుక నమ్మడం వేరు. రెండవదే సహకారం. తూకం కళ్లెదుట, లెక్క గోడమీద, డబ్బు ఇద్దరి చేతుల మీదుగా అన్న మూడు పాత మాటలను విడువని సంఘాన్ని మోసగించడం ఎంత తెలివిగల యంత్రానికైనా సులువు కాదు.

నెల సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన సంఘం కంప్యూటరు రేపు ఉదయం ఆగిపోతే, ప్రతి సభ్యునికి రావలసిన మొత్తాన్ని పుస్తకం చూచి చెప్పగలమా?

2. డబ్బు పంపే ముందు సరిచూచే రెండో వ్యక్తి ఎవరు? ఆ వ్యక్తి ఊరిలో లేనప్పుడు ఎవరు?

3. కిందటి పక్షం స్లిప్పులను కూడి, తన బిల్లును సరిచూచుకొన్న సభ్యులు ఎందరు? చదువురాని సభ్యులకు ఈ కూడిక ఎవరు చేసిపెడతారు?

4. సభ్యుల ఆధార్ నకళ్లు నేడు ఎక్కడ ఉన్నాయి? తాళం ఎవరి దగ్గర ఉన్నది?

5. మన గూడెంలో ఫోను సిగ్నలు అందే చోటు ఏది? అక్కడికి పోవలసినది ఎవరు?

ఈ ఐదు ప్రశ్నలకు వచ్చిన జవాబులను మినిట్సు పుస్తకంలో రాయించి, వచ్చే తనిఖీ నాటికి సిద్ధంగా ఉంచవలసినదిగా సంఘాల అధ్యక్షులను, కార్యదర్శులను కోరుతున్నాము.